డాబా ఇళ్ళ వేడిని తగ్గించుకొనుట ఎట్లు?

(ఇల్లు, గొడ్ల సావిడి, పాలకేంద్రం - మూడింటికీ పనికివచ్చే విషయాలు)

హనుమాన్ జంక్షన్ చుట్టుపట్ల గ్రామాలలో ఒక తరం కిందటికీ నేటికీ వచ్చిన పెద్ద మార్పు ఏదంటే ఇళ్ళ పైకప్పులు అని చెప్పవచ్చును. తాటాకు ఇళ్ళు దాదాపుగా పోయినవి. బంగాళా పెంకుల ఇళ్ళు వీధికి ఒకటి రెండు మిగిలినవి. వాటి స్థానంలో డాబాలు లేచినవి. స్తోమతు చాలనివారు సిమెంటు రేకులు వేసుకొన్నారు. ఇది అభివృద్ధే, కాదనలేము. కానీ వేసవిలో ఏ సంఘానికి తనిఖీకి వెళ్ళినా సభ్యులు మాతో చెప్పే మాట ఒక్కటే: "పగలు ఎండంటే సరే నండీ, రాత్రి పదకొండు దాటినా ఇంట్లో కన్ను మూతపడటం లేదు."

తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పాలు పితకవలసిన కుటుంబానికి ఈ నిద్రలేమి చిన్న సమస్య కాదు. ఏప్రిల్ నుండి జూన్ వరకు నూజివీడు ప్రాంతమంతటా మామిడి కోతలు కూడా ఇదే సమయంలో వస్తాయి. పగలంతా తోటలో కష్టపడి వచ్చిన మనిషికి రాత్రి ఇల్లు సేద తీర్చవలెను. తీర్చకపోతే వడదెబ్బకు లొంగిపోయే ప్రమాదం పెరుగుతుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. ఎండలో తిరిగినవారికే కాదు, వేడెక్కిన ఇంట్లో ఉండిపోయిన వృద్ధులకూ వడదెబ్బ తగులుతుంది.

అందువలన ఇంటిని చల్లగా ఉంచుకొనే మార్గాలను, తక్కువ ఖర్చువి ముందుగా, ఎక్కువ ఖర్చువి తరువాత, ఇక్కడ వివరిస్తున్నాము.

డాబాలు ఎందుకు వచ్చినవి?

"పాత తాటాకు ఇల్లే చల్లగా ఉండేది, డాబా కట్టి తప్పు చేశాము" అని కొందరు అంటారు. ఆ మాట సగమే నిజం. 1977 నవంబరు 19న వచ్చిన దివిసీమ ఉప్పెనలో మన కృష్ణా జిల్లాలోనూ పక్క జిల్లాలలోనూ సుమారు పదివేల మంది ప్రాణాలు కోల్పోయారు. పూరిళ్ళు, మట్టి గోడలు ఆ గాలికి, నీటికి నిలువలేదు. గట్టి కప్పు ఉన్న కట్టడాలలో తలదాచుకొన్నవారు బ్రతికారు. దీనికి తోడు ప్రతి వేసవిలో ఒక నిప్పురవ్వకు వీధి వీధే కాలిపోయిన సంఘటనలు మన పెద్దలందరూ చూసినవే. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడిన తరువాత, 1983 నుండి పేదలకు పక్కా ఇళ్ళ పథకం ఊపందుకొన్న తరువాత, డాబా అంటే భద్రత అనే భావన ప్రతి ఊరికీ చేరింది.

కాబట్టి డాబాను వదిలి వెనుకకు పోవలసిన పని లేదు. గాలివానకు, నిప్పుకు తట్టుకొనే ఈ కప్పు ఎండకు కూడా తట్టుకొనేటట్లు చేసుకొనుటే మన ముందున్న పని.

వేడి ఎక్కడి నుండి వస్తున్నది?

హనుమాన్ జంక్షన్ సుమారు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదకు వస్తాడు. రోహిణీ కార్తెలో కొంచెం ఉత్తరానికి జరుగుతాడు. మళ్ళీ ఆగస్టు మొదటి వారంలో నడినెత్తికి వస్తాడు. అంటే ఎండలు మండే రోజులలో సూర్యుని వేడిలో పెద్ద భాగం పడేది గోడల మీద కాదు, కప్పు మీదనే. తరువాతి స్థానం పడమటి గోడది, ఆ తరువాత తూర్పు గోడది. దక్షిణపు గోడ మీద వేసవిలో నడిమధ్యాహ్నపు ఎండ దాదాపుగా పడదు.

లెక్క చూడండి. మే నెలలో మేఘం లేని రోజున ఒక చదరపు మీటరు కప్పు మీద సుమారు 6 యూనిట్ల వేడి పడుతుంది. ఇక్కడ యూనిట్ అంటే మన కరెంటు మీటరు యూనిట్టే. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. అంటే ఒక్క రోజులో ఆ కప్పు మీద పడే వేడి 550 యూనిట్లకు పైమాటే. ఇందులో కొంత తిరిగి ఆకాశానికి పోతుంది, కొంత గాలికి పోతుంది, మిగిలినది ఇంట్లోకి దిగుతుంది. ఎంత పోతుంది, ఎంత దిగుతుంది అనేది కప్పు రంగును బట్టి, కప్పు వస్తువును బట్టి ఉంటుంది.

నాచు పట్టి నల్లబడిన శ్లాబు తన మీద పడిన వేడిలో మూడు వంతులు పీల్చుకొంటుంది. మధ్యాహ్నం దాని పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది, చెప్పులు లేకుండా నిలువలేము. ఆ వేడి నాలుగైదు అంగుళాల కాంక్రీటు గుండా నెమ్మదిగా కిందికి దిగి మూడు నాలుగు గంటల తరువాత లోపలి వైపుకు చేరుతుంది. అందుకే ఎండ తగ్గిన సాయంత్రం వేళకు గది వేడెక్కడం మొదలై, అర్ధరాత్రి వరకు శ్లాబు మన మీద వేడిని కక్కుతూ ఉంటుంది. ఫ్యాను వేస్తే ఆ కప్పు కింద చేరిన వేడిగాలే మన మీదకు వస్తుంది.

తాటాకు సంగతి వేరు. ఆకుల మధ్య చిక్కుకొన్న గాలి వేడిని సాగనివ్వదు. కాంక్రీటు గుండా వేడి తాటాకు గుండా కంటే సుమారు ఇరవై రెట్లు సులభంగా పోతుంది. పెంకుటింట్లో పెంకుల సందుల నుండి వేడిగాలి బయటకు పోతుంది. కింద అటక ఉంటే గాలి పొర మరొకటి ఏర్పడుతుంది. పాత మండువా లోగిళ్ళలో నడుమ ఆకాశానికి తెరిచిన భాగం రాత్రి చల్లగాలిని లోపలికి దింపేది, చుట్టూ వసారా గోడలకు ఎండ తగలనిచ్చేది కాదు. మన పెద్దలు ఈ శాస్త్రాన్ని పుస్తకంలో చదువలేదు. కాని నీడ, గాలి పొర, రాత్రి చల్లదనం అనే మూడు సూత్రాలను ఆచరణలో పెట్టారు. డాబాకు మనం చేయవలసినవి కూడా ఈ మూడే. నాలుగవది తెల్లదనం.

మొదటి పని: కప్పుకు సున్నం

అన్నిటికంటే చవకైనదీ, వెంటనే ఫలితమిచ్చేదీ ఇదే. తాజాగా సున్నం వేసిన తెల్లని కప్పు మీద పడిన ఎండలో మూడు వంతులకు దగ్గరగా తిరిగి పైకి పోతుంది. అంటే నల్లని శ్లాబు పీల్చుకొన్నంత వేడిని తెల్లని శ్లాబు వెనుకకు కొడుతుంది.

మన ఇళ్ళకు సంక్రాంతికి సున్నం వేయడం ఆచారం. గోడలకు వేస్తాము, అరుగులకు వేస్తాము, డాబా పైన ఎవరూ చూడరు కనుక వదిలేస్తాము. నిజానికి సున్నం ఎక్కువ అవసరమైనది అక్కడే. కప్పుకు మాత్రం సంక్రాంతికి కాక ఫాల్గుణంలో, ఉగాదికి ముందు వేయడం మంచిది. వేసవి పొడుగునా తెల్లదనం నిలుస్తుంది. పద్ధతి ఇది:

1. శ్లాబు మీది నాచును, మట్టిని ఇనుప బ్రష్షుతో గీకి, నీటితో కడిగి ఆరనివ్వవలెను. పగుళ్ళుంటే ముందుగా పూడ్చవలెను. పగులు మీద సున్నం వేస్తే వాన నీరు ఆగదు.

2. కిలో సున్నపు రాయికి సుమారు 5 లీటర్ల నీరు చొప్పున పోసి విరియబెట్టి, 24 గంటలు ఉంచి, ముతక గుడ్డతో వడగట్టవలెను. సున్నం విరిసేటప్పుడు మరుగుతుంది. పిల్లలను దూరంగా ఉంచవలెను, కళ్ళలో పడకుండా చూసుకొనవలెను.

3. పది లీటర్ల సున్నపు తేటకు 40 గ్రాముల బంక చొప్పున వేడినీటిలో కరిగించి కలుపవలెను. బంక లేని సున్నం చేతికి అంటుకొని గాలికే రాలిపోతుంది.

4. గోడలకు కలిపినట్లు నీలిమందు కలుపవద్దు. నీలిమందు కంటికి తెలుపును ఇంపుగా చూపిస్తుంది, కాని కొంత ఎండను పీల్చుకొంటుంది. కప్పుకు ఇంపు అవసరం లేదు.

5. ఉదయం గాని సాయంత్రం గాని, పూత మీద పూతగా మూడు పూతలు వేయవలెను. ఒక పూత ఆరిన తరువాతనే రెండవది.

వర్షాకాలం వెళ్ళేసరికి సున్నం చాలావరకు కొట్టుకుపోతుంది. మళ్ళీ ఏడాదికి మళ్ళీ వేయవలసినదే. ఏటేటా ఈ పని పెట్టుకోలేనివారు ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింటు వేయించుకొనవచ్చును. అది కొన్నేళ్ళు నిలుస్తుంది, ఖర్చు ఎక్కువ. ఇంకా శాశ్వతంగా కావాలంటే పగిలిన తెల్ల టైల్సు ముక్కలను కప్పు మీద పరిపించవచ్చును. టైల్సు దుకాణాలలో విరిగిన ముక్కలు చవకగా దొరుకుతాయి. ఏది వేసినా ఏడాదికొకసారి దుమ్ము కడగకపోతే తెల్లదనం తగ్గుతుంది, దానితో పాటు ప్రయోజనమూ తగ్గుతుంది.

హైదరాబాదు అనుభవం

ఇది మేము ఊహించి చెప్పే మాట కాదు. 2017లో హైదరాబాదులో ఒక పేదల బస్తీలో పాతిక ఇళ్ళ కప్పుల మీద తెల్లని పొర పరిచి పరీక్షించారు. నగరపాలక సంస్థ, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి, ట్రిపుల్ ఐటీ కలిసి చేసిన ఆ పరీక్షలో, పొర లేని ఇళ్ళకంటే ఈ ఇళ్ళలో లోపలి వేడి సగటున 2 డిగ్రీలు తగ్గినట్లు తేలింది. 2 డిగ్రీలేనా అని తీసివేయరాదు. నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ ఆ మాత్రం తేడా చాలును.

ఆ అనుభవంతో తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 వరకు అమలుకు ఉద్దేశించిన ఆ విధానంలో రాష్ట్రమంతటా 300 చదరపు కిలోమీటర్ల కప్పులను చల్లబరచాలని లక్ష్యం పెట్టుకొన్నారు. ప్రభుత్వ భవనాలకు, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలాలలోని నివాసాలకు దీనిని తప్పనిసరి చేశారు. చిన్న ఇళ్ళకు స్వచ్ఛందంగా ఉంచారు. మన గ్రామాలలోని ఇళ్ళన్నీ చిన్న ఇళ్ళే. అవసరం మాత్రం మనకే ఎక్కువ.

రెండవ పని: కప్పు మీద పొర

సున్నం ఎండను తిప్పికొడుతుంది. తిప్పికొట్టగా మిగిలిన వేడిని దిగకుండా ఆపేది పొర. 2018లో కేంద్ర ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ నివాస గృహాలకు 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళిని విడుదల చేసింది. అందులో కప్పుకు ఒక కొలత పెట్టారు. లోపలి గాలికీ బయటి గాలికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు కప్పు గుండా దిగే వేడి 1.2 వాట్లకు మించరాదు. ఏ పొరా లేని మన మామూలు శ్లాబు గుండా దిగేది 3 వాట్లకు పైనే. అంటే ఉండవలసినదానికి రెండింతలకు మించి దిగుతున్నది.

దీనిని తగ్గించే మార్గాలు:

సున్నం, సుర్కీ, ఇటుక ముక్కలు కలిపి దిమ్మిస కొట్టే పాత పద్ధతి. ఇది వేడిని పూర్తిగా ఆపదు గాని ఆలస్యం చేస్తుంది, వాన నీటిని కూడా ఆపుతుంది. కాని నాలుగు అంగుళాల పొర చదరపు మీటరుకు దాదాపు రెండు వందల కిలోల బరువు వేస్తుంది. పాత శ్లాబు ఆ బరువు మోయగలదో లేదో ఇంజనీరుకు చూపించకుండా వేయించరాదు.

మట్టి కుండలను బోర్లించి, వాటి సందులను సున్నపు కాంక్రీటుతో నింపే పద్ధతి. కుండలోని గాలి వేడిని అడ్డుకొంటుంది.

నాలుగు అంగుళాల తేలిక ఏ.ఎ.సి. బ్లాకులను పరచుట. ఇది పైన చెప్పిన కొలతకు దాదాపుగా చేరుస్తుంది.

రెండు అంగుళాల గట్టి ఫోము పలకలు పరిచి, పైన సిమెంటు పొర, టైల్సు వేయుట. ఇది ఆ కొలతలోపుకు బాగా దించుతుంది, బరువు తక్కువ, ఖర్చు ఎక్కువ.

ఏ పొర అయినా శ్లాబు పైన వేయడమే మేలు. పైన వేస్తే శ్లాబే వేడెక్కదు, ఎండకు సాగి రాత్రికి ముడుచుకొని పగుళ్ళిచ్చే బాధ తగ్గుతుంది. కొందరు గదిలోపల థర్మోకోలు సీలింగు వేయిస్తున్నారు. అది నిప్పంటుకొంటే విషపు పొగ వస్తుంది. వంట ఇంటిలోనూ, వైర్లు తిరిగే చోటా అసలు వద్దు.

ఖర్చు లేని పొర మరొకటి ఉన్నది, అదే చలువ పందిరి. డాబా మీద గుంజలు పాతి తాటాకులు గాని గడ్డి తడకలు గాని వేస్తే శ్లాబుకు నీడ, రెంటి మధ్యా గాలి. గాలివానకు ముందు విప్పివేయవలెను, కరెంటు తీగలకు దూరంగా ఉంచవలెను. తీగ పాకించగలిగితే సొర, బీర, చిక్కుడు పాదులు మరీ మంచివి. నీడతోపాటు కూర కూడా వస్తుంది.

మండే శ్లాబు మీద నీళ్ళు చల్లే అలవాటు గురించి ఒక మాట. లీటరు నీరు ఆవిరి కావడానికి యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడి కావలెను, కనుక చల్లదనం వచ్చే మాట నిజం. కాని పగుళ్ళున్న శ్లాబులోకి రోజూ నీరింకితే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. తాగునీటికే కరువైన రోజులలో ఆ నీరు పశువుల తొట్టిలో పోయడం మేలు.

గోడలు, కిటికీలు, చెట్లు

పడమటి గోడకు తగిలే ఎండ వాలుగా వస్తుంది. కిటికీ పైన సన్‌షేడు దానిని ఆపలేదు. నిలువు తడక, వసారా, లేదా చెట్టు కావలెను. ఎండను కిటికీ బయటే ఆపవలెను. లోపల పరదా వేస్తే వేడి అప్పటికే గదిలోకి వచ్చినట్లు.

చెట్ల ఎంపికలో జాగ్రత్త అవసరం. టేకు వేసవిలో ఆకు రాల్చి మోడుగా నిలుస్తుంది, దాని నీడ మనకు అందదు. వేప, కానుగ వేసవి ముదిరే నాటికి కొత్త చిగురుతో గుబురుగా ఉంటాయి. మామిడి ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది. మామిడి సీమలో పుట్టి ఇంటి పడమర ఒక మామిడి మొక్క లేకపోవడం లోటే. అయితే గోడకు ఇరవై అడుగులైనా ఎడంగా నాటవలెను, లేకుంటే వేళ్ళు పునాదికి, కొమ్మలు గాలివానలో కప్పుకు చేటు తెస్తాయి.

కిటికీలు తెరిచే వేళను బట్టి కూడా ఇంటి వేడి మారుతుంది. పడమటి గాలి వడగాడ్పుగా వీచే రోజులలో ఉదయం తొమ్మిది గంటలకల్లా కిటికీలు మూసి, సూర్యాస్తమయం తరువాత బయట చల్లబడినాక ఎదురెదురు కిటికీలు తెరవవలెను. రాత్రంతా గోడలు చల్లబడితే మరునాడు మధ్యాహ్నం వరకు ఆ చల్లదనం నిలుస్తుంది. దొంగల భయముంటే కిటికీకి ఇనుప వల, దోమల భయముంటే దోమతెర బిగించుకొనవలెను గాని తలుపులు బిడాయించుకొనరాదు. సముద్రపు తేమతో ఉక్కపోసే రోజులలో మాత్రం పగలు కూడా ఎదురెదురు కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వవలెను. నీటి కూలర్లు పొడిగాలి రోజులలో బాగా పనిచేస్తాయి, ఉక్కపోత రోజులలో పనిచేయవు. కారణం ఒక్కటే, తేమ నిండిన గాలిలో నీరు ఆవిరి కాదు.

రేకుల కప్పులు, గొడ్ల సావిడి

గేదెకు ఆవుతో పోలిస్తే చెమట గ్రంథులు చాలా తక్కువ. నల్లని చర్మం ఎండను పీల్చుకొంటుంది. వేడి ఎక్కువైతే మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, ఎదకు వచ్చినా లక్షణాలు బయటపడవు. ఎద ఒకసారి తప్పితే మూడు వారాలు పోయినట్లే. ఆ నష్టం నెలల తరువాత పాల పుస్తకంలో కనిపిస్తుంది.

సావిడి పొడవు తూర్పు పడమరలుగా ఉంటే పక్కల నుండి ఎండ తక్కువగా పడుతుంది. చూరు ఎనిమిది అడుగుల ఎత్తుకు తగ్గరాదు, నడికప్పు ఇంకా ఎత్తుగా ఉండి వేడిగాలి బయటకు పోయే సందు ఉండవలెను. ఒక్కొక్క గేదెకు కప్పు కింద 4 చదరపు మీటర్ల చోటు కావలెను. రేకుల పైన సున్నం, రేకుల కింద అడుగు ఎడంగా తాటాకు తడకలు. ఈ రెంటితోనే సావిడిలో తేడా తెలుస్తుంది.

పాత సిమెంటు రేకులలో రాతినార ఉంటుంది. వాటిని పొడిగా ఉండగా కోయరాదు, రంధ్రాలు వేయరాదు, గీకరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమైన జబ్బులు తెస్తుంది. తడిపి, మెల్లగా కడిగి, పైన పూత వేయడం వరకే చేయవలెను.

పాలకేంద్రం

పాలలోని సూక్ష్మజీవులు వేసవి వేడిలో ఇరవై ముప్పై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. పితికిన పాలు ఎంత త్వరగా 4 డిగ్రీలకు దిగితే అంత నాణ్యత నిలుస్తుంది. చల్లబరిచే యంత్రం ఉన్న గది వేడెక్కితే యంత్రం తన వేడిని బయటకు వదలలేదు. కంప్రెసరు ఎక్కువసేపు నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, కరెంటు పోయినప్పుడు డీజిలు ఖర్చు తోడవుతుంది.

మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో పాలకేంద్రం పడమటి ముఖంగా, రేకుల కప్పుతో ఉండేది. సాయంత్రపు పాలు కాచి చూసే పరీక్షలో విరిగి, వెనుకకు పోతున్నందుకు సభ్యులలో కలతలు వచ్చినవి. సర్వసభ్య సమావేశంలో ఒక యువ సభ్యుడు లేచి పరీక్ష గదికి ఏ.సి. కొనాలన్నాడు. ఒక వృద్ధ సభ్యురాలు లేచి, "ఏ.సి. సంగతి తరువాత, బాబూ. మా గేదెను అట్లా ఎండకు కట్టేస్తామా? పాలను మాత్రం ఎందుకు కట్టేస్తున్నారు?" అని అడిగింది. సభ నవ్వింది గాని మాట నిలిచింది. కప్పుకు తెల్లని పూత, కింద వెదురు తడకల సీలింగు, పడమటి షట్టరు మూసి తూర్పు వైపు ద్వారం, క్యూలో నిలుచునే మహిళలకు పందిరి - ఇంతవరకే తీర్మానం చేశారు. యంత్రపు వేడిగాలి గదిలోనే తిరుగకుండా గోడకు జాలీ పెట్టారు. మరుసటి వేసవిలో మేము వెళ్ళినప్పుడు ఏ.సి. ప్రస్తావన ఎవరూ తేలేదు.

కొత్తగా కట్టేవారికి

నూజివీడు వైపు ఎర్ర నేల, గుడివాడ వైపు నల్లరేగడి. రేగడి నేల వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. అక్కడ పునాది సంగతి ఇంజనీరును అడగకుండా తలపెట్టరాదు.

గదుల కిటికీలు ఉత్తర, దక్షిణాలకు పెట్టించుకొనవలెను. పడమటి వైపు స్నానాల గది, మెట్లు, సామాన్ల గది వంటివి ఉంటే అవి పడకగదికి కవచంగా ఉంటాయి. కేరళలో పనిచేసిన లారీ బేకర్ ప్రచారంలోకి తెచ్చిన ఎలుకబోను కట్టుబడిలో ఇటుకలను నిలువుగా పేర్చి నడుమ ఖాళీ వదులుతారు. తొమ్మిది అంగుళాల గోడకే ఇటుకలు నాలుగో వంతు ఆదా అవుతాయి, లోపలి గాలి వేడిని ఆపుతుంది. అలవాటు ఉన్న తాపీ మేస్త్రి చేతనే కట్టించవలెను.

ఫ్లైయాష్ ఇటుకల గురించి చాలామంది అడుగుతున్నారు. బొగ్గు విద్యుత్ కేంద్రపు బూడిద, సున్నం, జిప్సం కలిపి ఇటుకలు చేసే ఫాల్-జీ పద్ధతిని రూపొందించినది విశాఖపట్నానికి చెందిన భానుమతీదాస్, కాళిదాస్ దంపతులు. ఈ ఇటుకను బట్టీలో కాల్చనక్కరలేదు కనుక బొగ్గు, కట్టె ఆదా అవుతాయి, పొలాల పైమట్టి మిగులుతుంది. ఇది తెలుగువారు గర్వించదగిన పని. అయితే ఇంటి చల్లదనంలో ఎర్ర ఇటుకకూ దీనికీ పెద్ద తేడా ఉండదని కూడా గ్రహించవలెను. ఈ ఇటుకతో కట్టినా కప్పుకు నీడ, తెలుపు కావలసినవే.

కరెంటు లెక్క

మామూలు సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకొంటుంది. కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యాను 30 వాట్లతో అదే గాలినిస్తుంది. నాలుగు ఫ్యాన్లు, రోజుకు 12 గంటలు, వేసవి నాలుగు నెలలు తిరిగితే పాతవాటికి 432 యూనిట్లు, కొత్తవాటికి 173 యూనిట్లు. మిగులు 259 యూనిట్లు. 2023 జనవరి నుండి సీలింగు ఫ్యాన్లకు స్టార్ గుర్తు తప్పనిసరి అయినది. చుక్కలు లెక్కపెట్టి కొనండి.

ఏ.సి. గంటకు సగటున ఒక యూనిట్ తీసుకొంటుందనుకొన్నా, రోజుకు 8 గంటలు నడిస్తే అదే నాలుగు నెలలకు 960 యూనిట్లు. వేడెక్కిన శ్లాబు కింద ఏ.సి. పెట్టడమంటే పొయ్యి మీద కుండ పెట్టి మంచు వేసినట్లు. తప్పక పెట్టవలసివస్తే ముందు కప్పు బాగుచేసి, 24 డిగ్రీలకు తగ్గించకుండా, ఫ్యానుతో కలిపి వాడండి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం తగ్గుతుంది.

2024లో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాటుకు 30 వేల రూపాయలు, 3 కిలోవాట్లు, ఆపైన మొత్తం 78 వేల రూపాయలు రాయితీగా ప్రకటించారు. కిలోవాటుకు సుమారు 10 చదరపు మీటర్ల చోటు పడుతుంది. ఆ పలకల కింద శ్లాబుకు నీడ అదనపు లాభం. కాని అప్పు చేసి పలకలు బిగించి, మిగిలిన కప్పును నల్లగా వదిలివేయడం తెలివి కాదు.

ఏ పని ముందు?

1. కిటికీలు వేళకు మూయుట, తెరచుట. ఖర్చు లేదు.
2. ఉగాదికి ముందు కప్పుకు సున్నం.
3. పడమటి వైపు తడక లేదా పందిరి, వానాకాలంలో మొక్క.
4. పాడైన ఫ్యాను మార్చేటప్పుడు స్టార్ ఉన్న ఫ్యాను.
5. కప్పు మరమ్మతు వచ్చినప్పుడు దానితోపాటే పొర.
6. తరువాతనే సౌర పలకలు. చిట్టచివర ఏ.సి.

ఇంట్లో వృద్ధులు, పసిపిల్లలు, బాలింతలు ఉంటే ఇంటిలో అన్నిటికంటే చల్లని గదిని వారికి కేటాయించవలెను. అది సాధారణంగా కింది అంతస్తులో ఉత్తరపు గది అవుతుంది. గది గాలి ఒంటి వేడిని దాటిన రోజున ఫ్యాను ఒక్కటే చాలదు. ఒంటిని తడిగుడ్డతో తుడుస్తూ, మజ్జిగ, నీరు తరచుగా ఇస్తూ ఉండవలెను. మాట తడబడినా, చెమట ఆగి ఒళ్ళు కాలినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు మా మనవి: రాబోయే పాలకవర్గ సమావేశపు అజెండాలో పాలకేంద్రపు కప్పు విషయం చేర్చండి. అంచనా వేయించి, కొటేషన్లు తీసుకొని, తీర్మానం వ్రాసి, రశీదులు భద్రపరచండి. ఈ ఖర్చుకు తనిఖీలో అభ్యంతరం రాదు. సున్నం టోకున తెప్పించి సభ్యులకు కొన్న ధరకే పంచితే ఇంటింటికీ చేరుతుంది. ముందుగా పాలకేంద్రపు కప్పు తెల్లబడితే, పాలు పోయడానికి వచ్చే ప్రతి సభ్యురాలు దాని కింద నిలబడి తేడా తానే తెలుసుకొంటుంది. మేము వ్రాసిన ఇన్ని మాటలకంటే ఆ చల్లని నీడే సభ్యులను ఎక్కువగా ఒప్పిస్తుంది.